ఇంగ్లీషు మాటలు పెంచుకునే దారులు: మీకు ఏది పనికొస్తుంది, ఏది రాదు

ముందు ఒక చిన్న పరీక్ష. ‘రిలక్టెంట్’ అనే మాట ఎప్పుడైనా చదివారా? చదివే ఉంటారు. అర్థం కూడా ఇంచుమించుగా తెలిసే ఉంటుంది. ఇప్పుడు ఈ వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పండి: ‘సంతకం పెట్టడానికి ఆమె వెనకాడింది.’ చాలామంది ‘షి డిడ్ నాట్ వాంట్ టు సైన్’ అంటారు. తప్పేమీ లేదు. కానీ తెలిసిన మాట అవసరానికి రాలేదు.

పదసంపద తక్కువ అని బాధపడేవాళ్లలో రెండు రకాలున్నారు. కొందరికి చదువుతుంటే అడుగడుగునా తెలియని మాటలు తగులుతాయి. మరికొందరికి చదివితే అంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తేనో రాయడానికి కూర్చుంటేనో ఎప్పుడూ వాడే ఆ నాలుగు మాటలే వస్తాయి. ఈ రెండూ వేరు వేరు జబ్బులు, మందులు కూడా వేరు. మొదటిదాని మందు రెండోదానికి వాడి, గుణం కనిపించక ‘నాకు జ్ఞాపకశక్తి లేదు’ అని తేల్చేసుకునేవాళ్లే ఎక్కువ. కొన్నేళ్లపాటు నేనూ ఆ కోవలోనే ఉన్నాను.

కాబట్టి యాప్ మంచిదా, పుస్తకం మంచిదా అని అడిగే ముందు మీది ఏ జబ్బో తేల్చుకోండి. మీరు చదవాలనుకునే రకం పుస్తకంలోంచి ఒక పేజీ తీసుకుని తెలియని మాటలు లెక్కపెట్టండి. పేజీలో 300 మాటలుంటే, ఆరు తెలియకపోతే మీకు 98 శాతం తెలిసినట్టు. పదిహేను తెలియకపోతే 95 శాతం. అంకెల్లో తేడా చిన్నదిగానే ఉంది, చదవడంలో మాత్రం చాలా పెద్దది. 98 దగ్గర తెలియని మాటను చుట్టూ ఉన్న మాటల్ని బట్టి ఊహించగలం. 95 కంటే కిందికి పోతే చదవడం కాదు, తవ్వడమే అవుతుంది. పదసంపద మీద దశాబ్దాలుగా పనిచేసిన న్యూజిలాండ్ భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం, నవలలూ పత్రికలూ 98 శాతం అర్థం కావాలంటే 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు తెలియాలి. మాట్లాడే ఇంగ్లీషుకు 6,000 నుంచి 7,000 చాలు. పదకుటుంబం అంటే ‘డిసైడ్, డిసైడెడ్, డెసిషన్, డెసిసివ్’ లాంటివన్నీ కలిపి ఒకటి.

రెండో జబ్బుకు పరీక్ష ఇంకా తేలిక. ఇవాళ జరిగిన ఒక సంగతి తెలుగులో పది వాక్యాలు రాసి, వాటిని ఇంగ్లీషులో చెప్పి చూడండి. ‘గుడ్, బ్యాడ్, వెరీ, థింగ్’ అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయో చూసుకుంటే సంగతి బోధపడుతుంది.

జాబితాలు, రోజుకో మాట

నా మొదటి ప్రయత్నం డిక్షనరీని మొదటి పేజీ నుంచి బట్టీ పట్టడం. రెండు వారాల్లో అబాండన్, అబేట్, అబెట్, అబ్‌హార్ దాకా వచ్చి ఆగిపోయాను. ఇప్పటికీ ‘ఎ’తో మొదలయ్యే మాటలు నాకు కాస్త గట్టిగా వచ్చు.

నవ్వొచ్చినా, బజారులో దొరికే చాలా పదాల పుస్తకాలదీ ఇదే తీరు. అక్షరక్రమంలోనో, ఒకే అర్థం ఉన్నవన్నీ ఒకచోట చేర్చో ఇస్తారు. చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది, నేర్చుకునేటప్పుడు ఒకదానిమీద ఒకటి పడి అలుక్కుపోతాయి. దగ్గరి అర్థాలున్న మాటల్ని ఒకేసారి కలిపి నేర్చుకుంటే కష్టం పెరుగుతుందని 1990లలో జరిగిన ప్రయోగాలు చూపించాయి. ‘అఫెక్ట్, ఎఫెక్ట్’ను ఒకే రోజు పక్కపక్కన పెట్టుకుని చదివినవాళ్లకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఒకటి బాగా స్థిరపడ్డాక రెండోది మొదలుపెట్టాలి.

రోజుకో మాట పంపే యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను. వాటికి వింత మాటలంటే ఇష్టం. ‘సెరెండిపిటీ’ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అనుకోకుండా ఏదైనా మంచిది ఎదురుపడటం అని అర్థం. 1754లో హొరేస్ వాల్‌పోల్ అనే ఇంగ్లీషు రచయిత ఒక ఉత్తరంలో పుట్టించిన మాట అది, కథ బాగుంటుంది. కానీ దాని అవసరం మీకు ఎన్నిసార్లు పడింది? సరదాగా ఉంచుకోండి, చదువు అనుకోకండి.

జాబితాల్లో నిజంగా పనికొచ్చేవి వాడుకను లెక్కగట్టి చేసినవి. మైకేల్ వెస్ట్ 1953లో అచ్చువేసిన జాబితాలో దాదాపు 2,000 మాటలున్నాయి. దాన్ని కొత్తగా చేస్తూ 2013లో వచ్చినదాంట్లో దాదాపు 2,800. పై చదువుల పుస్తకాలు చదివేవాళ్ల కోసం అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో 570 పదకుటుంబాలు ఏరి పెట్టారు. అనలైజ్, కాంటెక్స్ట్, సిగ్నిఫికెంట్ లాంటివి అందులో ఉంటాయి. వీటిని బట్టీ పట్టొద్దు. పెన్సిల్ పట్టుకుని, మీరు వాక్యంలో వాడగలిగిన ప్రతి మాటకూ టిక్ పెట్టుకుంటూ పోండి. టిక్ పడని మాటలే మీ అసలు జాబితా. అది మీరు భయపడినంత పొడుగు ఉండదు.

పరీక్ష కోసం పాత జాబితాలు పట్టుకు తిరిగేవాళ్లకు ఒక మాట. జీఆర్‌ఈలో వ్యతిరేకార్థాలు, అనాలజీలు 2011లోనే తీసేశారు. శాట్‌లో పాతరకం ఖాళీలు పూరించే ప్రశ్నలు 2016లో పోయాయి, ఇప్పటి డిజిటల్ శాట్‌లో ఖాళీలున్నా అవి చిన్న పేరా మధ్యలో వస్తాయి. ఇప్పుడు అడిగేది మాటకు అర్థం కాదు, ఆ వాక్యంలో ఆ మాట చేసే పని. మాటకు ఎదురుగా అర్థం రాసిన పుస్తకంతో ఆ పరీక్షకు సగం దూరమే వెళ్లగలం.

కార్డులు: నోట్‌బుక్, డబ్బా, యాప్

మాటలు తెలియని జబ్బుకు, ఒకవైపు మాట, రెండోవైపు అర్థం రాసుకునే కార్డులంత చవకైన, గట్టి మందు నాకు కనిపించలేదు. కారణం కొత్తదేం కాదు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపుల్ని బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో తనమీద తనే కొలుచుకుని 1885లో పుస్తకం వేశాడు. మరుపు మొదట్లో చాలా వేగంగా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అంటే నేర్చుకున్న మర్నాడు ఒకసారి, మూణ్నాలుగు రోజులకోసారి, వారానికోసారి, ఇలా ఎడం పెంచుకుంటూ తిరగేస్తే తక్కువ శ్రమతో నిలుస్తుంది.

తిరగేయడం అంటే మళ్లీ చదవడం కాదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. 2008లో కార్పికీ, రోడిగర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లీషు అర్థాలతో నేర్పించారు. ఒకసారి వచ్చిన మాటను మళ్లీ మళ్లీ గుర్తుతెచ్చుకునేలా పరీక్షించిన గుంపులకు వారం తర్వాత దాదాపు 80 శాతం గుర్తున్నాయి. వచ్చిందని పరీక్ష ఆపేసిన గుంపులకు దాదాపు 35 శాతమే, మళ్లీ మళ్లీ చదివినా సరే. ఇంకో విశేషం: వారం తర్వాత ఎన్ని గుర్తుంటాయనుకుంటున్నారని ముందే అడిగితే అన్ని గుంపులవాళ్లూ ఇంచుమించు సగం అన్నారు. అంటే ఏ పద్ధతి పనిచేస్తోందో మన మనసు మనకు సరిగ్గా చెప్పదు. చదువుతుంటే ‘వచ్చేసింది’ అనిపించే ఆ హాయిని నమ్మకండి.

అందుకే మాటలూ అర్థాలూ రెండు నిలువు గళ్లలో రాసుకునే నోట్‌బుక్ వెనకబడుతుంది. కళ్లు అర్థం వైపే పోతాయి. నోట్‌బుక్కే కావాలంటే అర్థాల వైపు కాగితం మడిచి దాచి చదవండి. దానికంటే డబ్బా మేలు. జర్మన్ పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. డబ్బాలో అయిదు అరలు. కొత్త కార్డు మొదటి అరలో పడుతుంది. జవాబు సరిగ్గా వస్తే తర్వాతి అరకు, తప్పితే ఎంత దూరం వెళ్లినా మళ్లీ మొదటి అరకు. మొదటి అర రోజూ చూస్తారు, చివరిది నెలకోసారి. పరమపద సోపాన పటం ఆడినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు, పాము మింగితే కిందికే.

కార్డులు మూడు నాలుగు వందలు దాటాక డబ్బా బరువవుతుంది. అప్పుడు యాప్. 2006లో వచ్చిన ఆంకీ ఈ ఎడాల లెక్కంతా తనే చూసుకుంటుంది. దీంట్లో ఉన్న ప్రమాదం ఉత్సాహం. ఒక యాప్‌లో రోజుకు 30 కొత్త మాటలు పెట్టుకున్నాను. మొదటి వారం పండగలా ఉంది. మూడో వారానికల్లా పాతవి తిరిగొచ్చి రోజుకు రెండు వందలు దాటాయి, రెండు రోజులు తప్పేసరికి నాలుగు వందలు కూర్చున్నాయి. టెన్షన్‌తో యాప్ తెరవడమే మానేశాను. ఇప్పుడు రోజుకు ఏడు. ఏడాదికి రెండున్నర వేలు, అది చిన్న సంఖ్యేం కాదు. ఇతరులు తయారుచేసిన కార్డుల కట్టలు దొరుకుతాయి, కానీ మీరు ఎక్కడో ఎదురుపడి రాసుకున్న మాటకు ఉండే పట్టు వాటికి ఉండదు.

కార్డు మీద ఏం రాస్తామన్నది డబ్బానా యాపా అన్నదానికంటే ముఖ్యం. ‘రిలక్టెంట్’ అని ఒకవైపు, ‘ఇష్టంలేని’ అని రెండోవైపు రాస్తే ఆ మాట చదివితే తెలుస్తుంది, అంతవరకే. అదే ముందువైపు ‘సంతకం పెట్టడానికి ఆమె వెనకాడింది’ అని తెలుగులో రాసి, వెనకవైపు ‘షి వాజ్ రిలక్టెంట్ టు సైన్’ అని మొత్తం వాక్యం రాస్తే, కార్డు తీసిన ప్రతిసారీ మీరు ఆ మాటను పుట్టించాలి. దాని వెనక ‘టు’ వస్తుందని కూడా దానంతటదే పట్టుబడుతుంది. మొదటి జబ్బుకు మొదటి రకం కార్డు, రెండో జబ్బుకు రెండో రకం. ఒకే డబ్బా, కార్డు తిప్పిన వైపులోనే తేడా.

చదవడం

చదివితే చాలు, మాటలు వాటంతటవే వస్తాయనేవాళ్లున్నారు. సగం నిజం. ఒక మాట ఏ మాటల పక్కన నడుస్తుందో చదవడంలో తెలిసినట్టు మరెక్కడా తెలియదు. కానీ కాస్త అరుదైన మాట ఒక పుస్తకం మొత్తంలో ఒకటి రెండుసార్లే కనిపిస్తుంది, మళ్లీ ఎదురుపడేలోగా మరుపు తన పని కానిచ్చేస్తుంది. అందుకే ఒకే రచయితవి వరసగా, లేదా ఒకే విషయం మీద నాలుగైదు వ్యాసాలు చదవడం మంచిది. అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి. పేజీకి పదిహేను తెలియని మాటలుంటే ఆ పుస్తకం పక్కన పెట్టి తేలికపాటిది తీసుకోండి. అందులో చిన్నతనమేం లేదు.

ప్రతి మాటకూ ఆగి డిక్షనరీ చూడొద్దు. రెండోసారి కనిపించినప్పుడు చూడండి. రెండుసార్లు వచ్చిందంటే మూడోసారి కూడా వచ్చే మాట అన్నమాట. కిండిల్ లాంటి వాటిలో మీరు వేలు పెట్టి అర్థం చూసిన మాటలన్నీ వాక్యంతో సహా ఒకచోట పోగవుతాయి. కార్డులకు అంతకంటే మంచి ముడిసరుకు లేదు.

ధాతువులు, గుర్తుండే చిట్కాలు

లాటిన్, గ్రీకు ధాతువులు నేర్చుకుంటే వందల మాటలు ఒక్కసారే వస్తాయని చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ‘స్పెక్ట్’ అంటే చూడటం, కాబట్టి ఇన్‌స్పెక్ట్, స్పెక్టేటర్. బాగానే ఉంది. కానీ ఈ ఆట మనకు తెలిసిందే కదా: ఆహారం, విహారం, సంహారం, పరిహారం, అన్నిట్లోనూ ‘హార’ ఉంది. దాని అర్థం తెలిసినంత మాత్రాన ఈ నాలుగూ తెలిసిపోతాయా? తెలిశాక మాత్రం, ఓహో అనిపిస్తుంది. ధాతువుల ఉపయోగం కూడా అంతే: మాట నేర్చుకున్నాక గుర్తుంచుకోవడానికి మంచిది, తెలియని మాట అర్థం ఊహించడానికి నమ్మదగింది కాదు. ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే విలువలేనిది కాదు, వెలకట్టలేనిది. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే మండనిది కాదు, సులువుగా మండేది. రెండోది తప్పుగా ఊహిస్తే ప్రాణం మీదికొస్తుంది.

పోలికతో గుర్తుపెట్టుకోవడం ఇంకో దారి. ‘మీగర్’ అంటే చాలీచాలని. తెలుగులో ‘మిగల’దు కాబట్టి మీగర్. ఒక్కసారి ఇలా ముడి పడితే పోదు. 1975లో రష్యన్ మాటలు నేర్పుతూ ఈ పద్ధతిని పరీక్షిస్తే ఫలితం బాగానే కనిపించింది. అయితే ఇది మొండి మాటలకు దాచుకోవాల్సిన చిట్కా. ప్రతి మాటకూ ఒక కథ అల్లుతూ కూర్చుంటే మాట నేర్చుకునే పని కథ గుర్తుపెట్టుకునే పనిగా మారుతుంది.

ఏ డిక్షనరీ?

ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ వస్తువుల పేర్లకు, చెట్ల పేర్లకు, జబ్బుల పేర్లకు హాయి. నాలుగు పంక్తుల వివరణ చదివేబదులు ఒక్క తెలుగు మాటతో పని అయిపోతుంది. మనసుకు సంబంధించిన మాటల దగ్గర మాత్రం ముంచుతుంది. ‘షై, అషేమ్‌డ్, ఎంబరాస్‌డ్’ మూడింటికీ ‘సిగ్గు’ అనే వస్తుంది. కొత్తవాళ్లతో మాట్లాడలేకపోవడం స్వభావమైతే షై. చేసిన తప్పుకు తలదించుకుంటే అషేమ్‌డ్. నలుగురిలో చొక్కా గుండీ ఊడిపోతే ఎంబరాస్‌డ్. తెలుగు అర్థం మాత్రమే తెలిసినవాడు గుండీ ఊడినందుకు అషేమ్‌డ్ అంటాడు, వినేవాడు ఇతనేం నేరం చేశాడా అనుకుంటాడు.

ఇలాంటి చోట ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసమే చేసిన డిక్షనరీలు కావాలి, మామూలు ఇంగ్లీషు డిక్షనరీలు కాదు. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ మూలరూపాన్ని ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ తయారుచేశాడు, 1942లో అక్కడే మొదట అచ్చయింది. 1978లో వచ్చిన లాంగ్‌మన్‌లో వివరణలన్నీ దాదాపు 2,000 తేలిక మాటల్లోనే ఉంటాయి. 1987లో వచ్చిన కోబిల్డ్ అర్థాన్ని పూర్తి వాక్యంగా చెబుతుంది. మూడింట్లో ఏదైనా మంచిదే. నా ఓటు కోబిల్డ్‌కు, వివరణే ఒక వాడుక వాక్యం కాబట్టి.

పర్యాయపదాల పుస్తకం, అంటే థెసారస్, కొత్తగా నేర్చుకునేవాళ్లు ముట్టుకోకపోవడమే మంచిది. ‘థిన్, స్లిమ్, స్కిన్నీ’ ఒకే వరసలో ఉంటాయి. సన్నగా, నాజూగ్గా, బక్కగా అన్న మూడు మాటలూ ఒకటేనని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా?

నోటికి రావాలంటే

చదవగలిగి మాట్లాడలేనివాళ్లకు పైవన్నీ తోడు మాత్రమే. వాళ్లకు అసలు మందు రాయడం, పైకి అనడం. ఈ వారం నేర్చుకున్న మూడు మాటలు తీసుకుని, నిజంగా జరిగిన సంగతి మీద అయిదు వాక్యాలు రాయండి. మాటకోసం కల్పించిన వాక్యం గుర్తుండదు, మీ సొంత గొడవ మీద రాసింది మర్చిపోలేరు. రాసింది గట్టిగా చదవండి. ‘సటల్’లో ‘బి’ అక్షరం పలకదని కళ్లతో చదివితే ఎన్నటికీ తెలియదు. మనం రాసినట్టే పలికే భాషవాళ్లం, ఇంగ్లీషు స్పెల్లింగు మనల్ని ఇట్టే బోల్తా కొట్టిస్తుంది.

రాసినదాంట్లో తప్పులు చూడటానికి మనిషి దొరికితే అదృష్టం. లేకపోతే ఏఐ చాట్‌బాట్‌లు దిద్దుతాయి. కానీ ‘దీన్ని దిద్దు’ అనకుండా ‘ఎక్కడ సహజంగా లేదో చెప్పు’ అని అడగండి, చెప్పిందాన్ని డిక్షనరీ ఉదాహరణలతో సరిచూసుకోండి. బాట్ తప్పు చెప్పినా అదే ధీమాతో చెబుతుంది.

తప్పులన్నీ కొత్త మాటల్లోనే ఉంటాయనుకుంటాం. చిత్రం ఏమిటంటే ఎక్కువభాగం పాత మాటల్లోనే ఉంటాయి. తెలుగులో ‘వెయ్యి’ ఎన్ని పనులు చేస్తుందో చూడండి: ఫ్యాన్ వెయ్యి, తాళం వెయ్యి. అలవాటుకొద్దీ ‘పుట్ ద ఫ్యాన్, పుట్ ద లాక్’ అనేస్తాం. ఇంగ్లీషులో ఫ్యాన్‌ను ‘టర్న్ ఆన్’ చేస్తారు, తలుపును ‘లాక్’ చేస్తారు. మనం కల కంటాం కాబట్టి ‘ఐ సా ఎ డ్రీమ్’ అంటాం, వాళ్లకు మాత్రం కల ‘ఉంటుంది’: ‘ఐ హ్యాడ్ ఎ డ్రీమ్’. వీటిలో తెలియని మాట ఒక్కటీ లేదు. ఏ మాటతో ఏ మాట జతకడుతుందో తెలియకపోవడమే లోటు. అందుకని కార్డు మీద ఎప్పుడూ ఒంటరి మాట రాయకండి, జతగా రాయండి.

తెలుగులో ఇప్పటికే కాపురం పెట్టిన ఇంగ్లీషు మాటలది ఇంకో కథ. ‘ఫీలయ్యాడు’ అంటే మనకు నొచ్చుకున్నాడని. ‘హి ఫెల్ట్’ అని ఆపేస్తే ఇంగ్లీషువాడు ఏం ఫీలయ్యాడో చెప్పమని ఎదురుచూస్తాడు. ‘డౌట్’ మనకు అడగాల్సిన ప్రశ్న, వాళ్లకు అపనమ్మకం. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మీరు చెప్పింది నమ్మడంలేదని అర్థం చేసుకునే అవకాశం ఉంది, ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అంటే గొడవ లేదు. ‘టెన్షన్’ మనకు ఆందోళన, వాళ్లయితే ‘ఐయామ్ టెన్స్’ అనో ‘ఐయామ్ వరీడ్’ అనో అంటారు. ఇలాంటివి ఒక యాభై ఏరుకుని సరిచేసుకుంటే, వెయ్యి కొత్త మాటలు నేర్చినదానికంటే ముందుగా తేడా తెలుస్తుంది. స్పెల్లింగు వచ్చు, పలకడం వచ్చు, చిన్న మరమ్మతే మిగిలింది.

ఎవరికి ఏది

రెండు నెలల్లో పరీక్ష ఉన్నవాళ్లకు టిక్ పడని మాటల జాబితా, యాప్ కార్డులు, ఆ పరీక్ష పాత ప్రశ్నలు. రాయడానికి టైమ్ ఉండదు, పరవాలేదు. ఉద్యోగంలో మీటింగుల్లో నోరు పెగలనివాళ్లు కొత్త మాటలు ఒక నెలపాటు ఆపేసి, తెలిసిన మాటల్నే తెలుగు వాక్యం నుంచి ఇంగ్లీషుకు వెళ్లే కార్డులుగా మార్చుకుని, రోజూ అయిదు వాక్యాలు పైకి అనాలి. ఇంగ్లీషు పుస్తకాలు హాయిగా చదవాలనుకునేవాళ్లు 98 శాతం దగ్గర ఉన్న పుస్తకం పట్టుకుని, రెండోసారి ఎదురైన మాటలకే కార్డులు చేసుకుంటే చాలు. ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకు ముందు వెస్ట్ జాబితాలోని ఆ 2,000 మాటలే, ధాతువుల జోలికి పోవద్దు. ఏదీ తేల్చుకోలేకపోతే కాగితం డబ్బాతో మొదలుపెట్టండి. వారం తర్వాత మానేసినా పోయేదేం లేదు.

ఇంకొకటి, మాటల్ని వదిలేయడం కూడా నేర్చుకోవాలి. ఆంకీలో ఒక కార్డు ఎనిమిదిసార్లు తప్పితే యాప్ దానికి ‘లీచ్’ అని పేరుపెడుతుంది, కావాలంటే పక్కకు తప్పిస్తుంది. లీచ్ అంటే జలగ, మన టైమ్ పీల్చేస్తోందని. అలాంటిదానికి కొత్త వాక్యం రాసి ఇంకో అవకాశం ఇవ్వొచ్చు, లేదా చెత్తబుట్టలో వేయొచ్చు. నా జలగ ‘ఆబ్‌స్ట్రెపరస్’. గోలగోలగా, చెప్పినమాట వినకుండా ఉండేవాడని అర్థం. మూడేళ్ల క్రితం పారేశాను. మళ్లీ దాని అవసరం పడింది ఇప్పుడే, ఈ వ్యాసంలో ఉదాహరణకు. దానికీ డిక్షనరీ చూసుకున్నాను.